రెండంగుళాలు

ఆదివారం, షట్టరు సగం దించేసి ఉన్నాను.
గుణుపురం హైస్కూలు నిరుపమ దిది
స్కూటీ దిగకుండానే అడిగింది:
"అన్ని రకాల పిట్టలూ ఒక్క గూట్లో ఉంటాయా?"
నన్నడుగుతారేటి దిదీ, నాను ఇనుము మనిషిని.
ఇనుము ఇనుముతో ఉంటుంది,
అదీ మంట పెడితేనే.

అయినా గూడు నాదే.
ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు,
అరంగుళం కన్ను వల.
జింకు పూత పోవాలని సోమనాథ్ గమాంగ్
రెండు సీసాల వెనిగరుతో రుద్ది రుద్ది
వంశధార ఇసకలో ఎండబెట్టేడు.
కొత్త తీగ కొరికితే పిట్టకి విషం.
ఇది నాకు ముందే తెలుసని చెప్పను,
ఒకరింట్లో ఒకటి చచ్చేక తెలిసింది.

ముందు ఫించ్‌లు వచ్చేయి, నాలుగు.
పండు మిరపకాయ ముక్కు, అగ్గిపెట్టెంత ఒళ్లు,
పొద్దల్లా ఎవరో బొమ్మకారు హారను నొక్కుతున్నట్టే.
తర్వాత ఒక కాకటీల్.
నెత్తిన దువ్వెన, బొట్టు గురి తప్పినట్టు
చెంప మీద నారింజ చుక్క.
మనిషి పెద్దదే గాని ఎవరి జోలికీ పోదు,
ఫించ్ గింజల దగ్గరికొస్తే
బస్సులో సీటిచ్చే ముసలాయనలా పక్కకి జరిగేది.
మూడు నెలలు, ఒక్క ఈక రాలలేదు.

పర్లాకిమిడి సంతలో ఒకడు
"లవ్ బర్డ్స్ మేడం" అని అంటగట్టేడు.
మా వైపు ఆ పేరు దేనికైనా పెట్టేస్తారు,
పచ్చ బడ్జీలకీ అదే, నీలం బడ్జీలకీ అదే.
బడ్జీలయితే సరిపోవును.
ఇవి అసలువి.
జంటలో ఒకదాని తల ఒకటి దువ్వుకుంటాయి,
మిగతా లోకాన్ని
కాలివేళ్ల దగ్గర్నుంచి మొదలెడతాయి.

నాలుగో రోజు తెల్లారకుండా ఫోను.
ఎడమకాలు లేని ఫించ్ ఒకటి
నీళ్లగిన్నె అంచున ఒరిగి ఉంది.
రక్తమంటే ఎంతనుకున్నారు,
ఒక ఆవగింజకి రంగెయ్యడానికి సరిపోదు.
దిది ఒడియాలో ఏడ్చింది,
నాను తెలుగులో ఊరుకోబెట్టేను,
సోమనాథ్ సవర మాటలో పిట్టకేదో చెప్పేడు.
అది ఎవరి మాటా వినలేదు.

అప్పుడు వేసేను అడ్డు.
ఒక్క వల చాలదు.
ఇవతల వేళ్లు తీగని పట్టుకుంటే
అవతల ముక్కు ఊరుకోదు.
రెండు వలలు, మధ్యన రెండంగుళాల ఖాళీ.
కాకటీల్ ఎటుండాలన్నది అరగంట పంచాయితీ,
చివరికి ఫించ్‌ల వైపే వదిలేం,
దాన్నెవరూ అడగలేదు.

సోమనాథ్ నవ్వేడు, "ఇది బోర్డరు చెక్‌పోస్టులాగుంది అన్నా,
మన గేటు దాటేక, వాళ్ల గేటు రాకముందు
ఆ కాస్త రోడ్డు ఎవరిదో తెలీనట్టు."
నోర్ముయ్యమన్నాను. పిట్టల్ని పిట్టల్లాగే ఉండనీ.
మనుషుల కోసం నానెప్పుడూ రెండు వలలు వెయ్యలేదు,
వెయ్యమంటే రేటు వేరే.

బిల్లు చూసి దిది కళ్లద్దాలు పైకి తోసింది:
"ఇంత ఖాళీకి ఇంతా?"
ఖాళీ కదలకుండా నిలబడాలంటేనే
దిదీ, ఖర్చు.

మొన్న వానల్లో తుప్పు చూడ్డానికి వెళ్లేను.
రెండు వలల నడుమ అడుగున
కొర్ర పొట్టు వేలెడెత్తు పేరుకుంది,
ఇటుదీ అటుదీ కలిసిపోయి
ఏది ఎవరి ఎంగిలో చెప్పలేం.
అందులో ఒక గింజ మొలిచింది.
ఇటు ఒంటికాలి మీద ఫించ్,
అటు ఆ రాలుగాయి జంట,
మెడలు వంచి ఆ పచ్చనే చూస్తున్నాయి.
ఎవరికీ అందదు.
కాకటీల్ నిద్రపోతోంది.

"పీకేద్దామా?" అంది దిది.
నాను గరుకు కాగితం తీసి
మూల బందు దగ్గర గీకుతూ,
వచ్చే నెల పెయింటు వెయ్యాలన్నాను.